వట్టి రేకు కడుపుమంట

నేను ఒక రేకును. రేకు అనగానే పశువుల కొట్టం మీది రేకో, నూనె డబ్బా రేకో అనుకునేరు. నేను సిలికాన్ రేకును. నన్ను చూడాలంటే మీకు మైక్రోస్కోపు కావాలి. మీ తల వెంట్రుక ఎంత మందమో, నేను అంతకు రెండున్నర రెట్లు పొడవు. ఇక నా మందం సంగతి అడక్కండి, చెప్పుకోవడానికే నామోషీ. నా ఒక కొసను చట్రానికి అతికించారు, రెండో కొస గాలిలో ఉంటుంది. ఆ కొసతో నేను ఊగుతాను. సెకనుకు దగ్గర దగ్గర అరవై తొమ్మిది వేల సార్లు, అలసిపోకుండా, లయ తప్పకుండా ఊగడమే నా ఉద్యోగం.

ఇందులో ఏం గొప్ప ఉందంటారా? కొస మీద ఏదైనా కూర్చుంటే ఊపు తగ్గుతుంది. ఎంత బరువైతే అంత తగ్గుదల. కిరాణా కొట్లో కాటాకు ఆవగింజ పడినా తెలియదు. మాకు గ్రాములో లక్షకోట్లవ వంతు పడినా తెలుస్తుంది. చెమ్మ తగిలిన వేరుసెనగ కాయలకు పచ్చగా బూజు పడుతుంది చూశారా, ఆ బూజు విత్తనం మీ కంటికి ఆనదు. అలాంటిది ఒక్కటి మా మీద కూర్చున్నా సెకనుకు నూట పది ఊపులు తగ్గిపోతాయి. ఆ తగ్గినదాన్ని పట్టుకుని మనుషులు దాని బరువు చెప్పేస్తారు.

మాకు, మా మీద అని గొప్పగా అన్నాను గానీ, ఆ విత్తనం కూర్చునేది నా మీద కాదు. మేము ఇద్దరం అక్కచెల్లెళ్లం, ఒకే చట్రానికి పక్కపక్కనే పుట్టాం. బరువు తూచేది ఆవిడ. ఆవిడ కొసకు బంగారం పూత ఉంది, నాకు లేదు. ల్యాబులో ఆవిడను బంగారమ్మ అనేవాళ్లు, నన్ను వట్టి రేకు అనేవాళ్లు. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆవిడంటే ఏడుపు. ఒట్టి ఏడుపు కాదు, కడుపుమంట. దాచుకుని ప్రయోజనం లేదు, ఈ కథ వింటూ పోతే మీకే తెలిసిపోతుంది.

మేము పుట్టింది బెంగళూరులో, దుమ్ము చొరబడని ఒక గదిలో. అక్కడి మనుషులు తల నుంచి కాలి దాకా తెల్లబట్టలు చుట్టుకుని, కళ్లు మాత్రం కనబడేలా తిరుగుతారు. అద్దంలా మెరిసే సిలికాన్ బిళ్ల మీద వెలుతురుతో మా బొమ్మ గీశారు, ఆమ్లంతో చుట్టూ తొలిచారు, అడుగున ఉన్న పొరను కరిగించేశారు. అలా కాళ్ల కింద నేల జారిపోయి ఇద్దరం ఒకేసారి గాలిలో నిలబడ్డాం. ఒకే కొలత, ఒకే ఊపు. చేసినవాళ్లకే మాలో ఎవరెవరో తెలిసేది కాదు. తర్వాత మంజునాథ అనే టెక్నీషియన్ మమ్మల్ని బంగారం ఆవిరిచేసే పాత్రలో పెట్టడానికి వచ్చాడు. ఒకరికే పూత పడాలి కాబట్టి రెండోవారి మీద చిన్న మూత ఉంచాలి. ఎవరి మీద ఉంచాలో ఎక్కడా రాసి లేదు. ఆయన పక్కవాడితో క్రికెట్ గురించి మాట్లాడుతూ, చూడకుండానే కుడివైపు పెట్టేశాడు. కుడివైపు ఉన్నది నేను. ఆయన చెయ్యి ఇంకాస్త ఎడమకు జరిగి ఉంటే ఈ ఏడుపంతా బంగారమ్మ మీకు చెప్పుకునేది.

పూత లేనిదానికి కూడా ఒక పని ఉందని అప్పుడే విన్నాను. ఎండ ఎక్కువైనా, గాలిలో చెమ్మ పెరిగినా రేకుల ఊపు కొంచెం మారుతుంది. ఇద్దరిదీ ఒకేలా మారుతుంది. కాబట్టి బంగారమ్మ ఊపులో వచ్చిన మార్పు నుంచి నా ఊపులో వచ్చిన మార్పును తీసేస్తే, మిగిలినదే నిజమైన బరువు. అంటే ఆవిడ ఉన్నది తూచడానికి, నేను ఉన్నది తీసివేయడానికి. ఏమీ మోయకుండా, ఏమీ అంటించుకోకుండా, ఉన్నచోట ఉన్నట్టు ఉండడమే నా పని. మనుషుల్లో ఇలాంటి పని చేసేవాళ్లను ఏమని పిలుస్తారో నాకు తెలియదు, జీతం పెంచరని మాత్రం తెలుసు.

మమ్మల్ని అనంతపురం తీసుకొచ్చింది కుళ్ళాయమ్మ. నార్పల వైపు ఒక మెట్ట ఊరి పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తను పదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల నాన్న విత్తనానికి దాచిన కాయలకు లోపల బూజు పట్టింది. విత్తిన తర్వాతగానీ ఆ సంగతి బయటపడలేదు, నాలుగు ఎకరాల్లో మొలక రాలేదు. బూజు ఉందో లేదో ఆకారం తెలిసేలా పెంచి చూడాలంటే అయిదు రోజులు పడుతుంది. అంత ఆగకుండా, బూజు విత్తనం నీరు తాగి నిద్రలేచే క్షణంలోనే దాని బరువు పెరగడాన్ని పట్టుకోవాలని ఆమె పట్టు. ఆమె గైడు ఆదికేశవులు సార్ కూడా మంచివాడే గానీ, ఆయనకు తొందర ఎక్కువ. గిడ్డంగి ముందు రైతు బండి మీది బస్తాలు దించేలోపల ఫలితం చేతికి రావాలనేవాడు. ఎద్దులకు కూడా అంత తొందర ఉండదు.

వచ్చిన రోజు నుంచీ బంగారమ్మదే వైభోగం. ఎవరు అతిథిగా వచ్చినా సార్ మైక్రోస్కోపు దగ్గరకు తీసుకొచ్చి ఆవిడనే చూపించేవాడు. ఒకసారి జిల్లా వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన ఒకావిడ, పక్కనున్నది ఏమిటండీ అని నా గురించి అడిగింది. నేను ఊపిరి బిగబట్టాను. అదేం లేదండీ, అది ఊరికే ఉంటుంది అన్నాడు సార్. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, సార్ మాటకన్నా ఆ క్షణంలో బంగారమ్మ తళుక్కున మెరవడం నన్ను ఎక్కువ కాల్చింది. ఆ ఏడాది యూనివర్సిటీ క్యాలెండరులో జూలై నెలకు మా ఫోటో వేశారు. ఫోటోలో బంగారమ్మ నిండుగా ఉంది, నేను అంచులో సగానికి కత్తిరించబడి ఉన్నాను. ఆ క్యాలెండరు మా ఎదురు గోడకే తగిలించారు. జూలై అయిపోయినా ఎవరూ తిప్పలేదు.

అయినా కుళ్ళాయమ్మ ఒక్కతి నాకు అన్యాయం చేయదని నమ్మాను. మొదటి రెండేళ్లు ఆమె ప్రతి కొలతలోనూ ముందు బంగారమ్మను, తర్వాత నన్ను చదివేది. రెండో స్థానమైనా స్థానమే కదా. మా ఊపు చదివే యంత్రం ఒక్కటే కాబట్టి, నన్ను చదవాలంటే తీగలు విప్పి మళ్లీ బిగించాలి, దానికి అరగంట పడుతుంది. నా అంకె మాత్రం ప్రతిసారీ ఒకటే. అరవై ఎనిమిది వేల ఎనిమిది వందల పన్నెండు. గదిలో ఎండాచెమ్మా మారకుండా చూసుకుంటోంది కాబట్టి మహా అయితే ఒకటో రెండో అటూ ఇటూ. ఒక రోజు ఆమె తీగలు విప్పబోయి ఆగింది. దీని సంగతి తెలిసిందే కదా అని తనలో తాను అనుకుని, నన్ను చదవకుండానే నోటుబుక్కులో నా పాత అంకె వేసేసింది. మర్నాడు కూడా అదే చేసింది. అలా పద్నాలుగు నెలలు నన్నెవరూ చదవలేదు. ఎప్పుడూ ఒకే మాట మీద నిలబడినందుకు నాకు దక్కిన మర్యాద అది. మాటకొక రంగు మార్చే బంగారమ్మను మాత్రం రోజుకు ఆరుసార్లు పలకరించేవాళ్లు.

కుళ్ళాయమ్మ పరిశోధనకు ఆరో ఏడు వచ్చింది. మార్చి ముప్ఫై ఒకటిలోపల థీసిస్ ఇవ్వకపోతే కుళ్ళాయమ్మ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. గడువు పెంచడం అప్పటికే రెండుసార్లు అయిపోయింది, ఇక పెంచరు. ఆమె దగ్గర ఉన్న ఫలితాల్లో బూజు విత్తనం నిద్రలేవడానికి ఎనిమిది గంటలు పట్టేది. అయిదు రోజులతో పోలిస్తే ఎనిమిది గంటలు చిన్న సంగతేమీ కాదు, కానీ గంటలోపల రావాలని సార్ పట్టుదల. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అప్పుడు ఆయుధపూజ వచ్చింది. మీరు నవ్వకండి. మా ల్యాబులో అమెరికా నుంచి వచ్చిన యంత్రానికి కూడా ఆ రోజు బొట్టు పెడతారు. వ్యాక్యూమ్ పంపుకు బంతిపూల దండ వేస్తారు, తలుపు దగ్గర గుమ్మడికాయ కొడతారు, అందరికీ బొరుగులూ బెల్లం పంచుతారు. ఈ పనంతా ల్యాబు అటెండరు పెన్నోబులేసుది. ముప్ఫై ఏళ్లుగా ఆ గదులు తుడుస్తున్న మనిషి. ఆ ఏడాది కుళ్ళాయమ్మ వాళ్ల ఊరి పీర్ల చావిడి నుంచి ఊదు తెచ్చింది. చిన్నప్పటి నుంచి జ్వరం వచ్చినా, పరీక్ష వచ్చినా ఆ పొగ పడితేనే వాళ్లింట్లో ధైర్యం. పెన్నోబులేసు నిప్పుల చట్టిలో ఊదు చల్లి ఒక్కో యంత్రానికీ పొగ చూపిస్తూ మా దగ్గరకు వచ్చి, అద్దం మూత ఉంది కదా అని పక్కకు వెళ్లబోయాడు. కుళ్ళాయమ్మే మూత తెరిచింది.

"దీనికీ రోంత సూపించన్నా. ఈ ఏడు దీంతోనే గట్టెక్కాల" అంది.

ఆయన మా ఇద్దరికీ పొగ చూపించాడు. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఆ పొగలోని జిగురు నుసి బంగారమ్మ మీదా పడింది, నా మీదా పడింది. నా పుట్టుకలో నా మీద ఒక బరువు పడడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది. బంగారమ్మకు ఇచ్చినదే నాకూ ఇచ్చారని పొంగిపోయాను. నా ఊపు తొంభై దాకా తగ్గింది. అది ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ చూడలేదు.

వారం తర్వాత కుళ్ళాయమ్మ బంగారమ్మ మీద కొత్త బూజు విత్తనాలు ఉంచి, గాజు గదిలోకి చెమ్మగాలి వదిలింది. ఊదు నుసికి నీళ్లంటే ప్రాణం. నా మీది నుసి నీరు తాగి ఉబ్బుతోంది, నాకు తెలుస్తూనే ఉంది. బంగారమ్మ మీదా అదే జరుగుతోంది. నలభై నిమిషాల్లో ఆవిడ ఊపు రెండు వందలు పడిపోయింది. విత్తనాలు ఇంకా గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. యంత్రం మాత్రం బరువు పెరిగిందని చెప్పింది, కుళ్ళాయమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. సార్ పరుగున వచ్చి తెర చూసి, మనం గెలిచామమ్మా అన్నాడు. మైసూరుపాకు తెప్పించారు. మరో రెండుసార్లు చేసినా అదే నలభై నిమిషాలు. ప్రతిసారీ నా గడిలో పాత అంకె వేశారు. అక్కడే, వెంట్రుకవాసి దూరంలో నేను కూడా రెండు వందలు పడిపోయి ఉన్నాను. నన్ను అడిగి ఉంటే ఒక్క క్షణంలో చెప్పేదాన్ని. అడగలేదు. సరే, ఎంత ఎత్తుకు ఎక్కిస్తారో ఎక్కించండి, పడేటప్పుడు చూస్తాను అనుకుని బంగారమ్మ వైపు చూస్తూ ఊగాను. అంత పాడుబుద్ధి నాది.

వ్యాసం రాసి విదేశంలో ఒక పెద్ద పత్రికకు పంపారు. సంక్రాంతి సెలవులు అయ్యాక జవాబు వచ్చింది. వ్యాసాన్ని పరిశీలించిన పెద్దమనిషి ఎవరో, పేరు తెలియదు, అంతా మెచ్చుకుని చివర ఒక్కటే అడిగాడు. నలభై నిమిషాల ఫలితం వచ్చిన ఆ మూడు రోజుల్లో వట్టి రేకు కొలతలు కూడా జతచేయగలరా అని. కుళ్ళాయమ్మ అది పైకి చదివినప్పుడు నా ఊపు లయ తప్పిందేమో అనుకున్నాను. సముద్రాల అవతల నుంచి ఒక మనిషి నన్ను అడిగాడు! సార్ తేలిగ్గా తీసుకున్నాడు, పాత అంకె పంపేయమన్నాడు. ఆమె ఆ అంకెను ఉత్తరంలో కొట్టింది కూడా. మళ్లీ ఏమనిపించిందో, ఒక్కసారి చదివేసి పంపితే అబద్ధం అనిపించుకోదు కదా అని లేచి తీగలు విప్పింది. అదే అంకె వస్తుందని ఆమెకు ఏ అనుమానమూ లేదు. విత్తనాలేవీ పెట్టకుండా, ఊరికే చెమ్మగాలి వదిలి, టిఫిన్ డబ్బా తెరిచి తింటూ కూర్చుంది.

మొదటి అంకె చూసి నమలడం ఆపింది. పాతదానికన్నా తొంభై తక్కువ. చెమ్మ తగిలేకొద్దీ ఇంకా పడుతూ పోయాను. నలభై నిమిషాలకు రెండు వందలు. నా మీద విత్తనం లేదు, బంగారం లేదు, ఏమీ లేదు. ఆమె తీగలన్నీ మళ్లీ విప్పి, మళ్లీ బిగించి, ఇంకోసారి చదివింది. నాది ఒకటే మాట. అప్పుడు చట్రాన్ని తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఇద్దరి మీదా గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. అప్పుడే పెన్నోబులేసు టీ గ్లాసులు కడిగి లోపలికి వచ్చాడు.

"అన్నా, దీన్ని దేంతోనన్నా తుడిసినారా?" అని అడిగింది.

"నేనెందుకు ముట్టుకుంటా పాపా, నువ్వు ముట్టొద్దంటివి కదా. పండగనాడు ఊదు ఎత్తినామే, అంతే."

కుళ్ళాయమ్మ మళ్లీ మైక్రోస్కోపులోకి వంగి ఆ గోధుమరంగు మచ్చలు చూసింది. తర్వాత ఆయనకు కూడా అర్థమైనట్టుంది, గ్లాసులు బల్లమీద పెట్టి తల పట్టుకున్నాడు. "మూత తీసింది నేనేలే అన్నా" అంది ఆమె. నోటుబుక్కు తెరిచి ఆ రోజు తారీఖు వేసి, పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి నా అసలు అంకెను రాసింది. నాకు కడుపు చల్లబడాలి. బంగారమ్మ చెప్పినదంతా పొగమాట అని తేలిపోయింది, క్యాలెండరు పరువు గాలికి పోయింది. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ కుళ్ళాయమ్మ వెనక్కి వెళ్తూ ఒక్కో పుటా తిప్పుతోంది. ఊదు పడకముందు నాటి ఎనిమిది గంటల ఫలితాల్లో కూడా నా గడిలో ఉన్నది చదవని అంకే. పద్నాలుగు నెలల పని ఎవరి ముందూ పెట్టడానికి పనికిరాదు. ఆమె ఒక్కో పుట మీదా వేలుపెట్టి నా గడి చూస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకు చల్లదనం రాలేదు. బంగారమ్మను పడేయాలని నేను వేసుకున్న మంటలో ఆ పిల్ల కాలుతోందని సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రమే నోటుబుక్కు తీసుకుని సార్ గదికి వెళ్లింది. తలుపు మాకు ఎదురే, మాటలన్నీ వినబడ్డాయి. సార్ మొదట నమ్మలేదు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు. మార్చి ఎంతో దూరం లేదన్నాడు, ఆరేళ్లు నీళ్లపాలు చేసుకుంటావా అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "ఆ రోజుల పాత అంకె వేసి పంపమ్మా. ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు.

"చూపించమని అడిగినారు కద సార్. ఇన్నేండ్లలో దాన్ని అడిగింది ఆయనొక్కడే" అంది కుళ్ళాయమ్మ.

సార్ రెండు రోజులు ల్యాబు వైపు రాలేదు. మూడో రోజు వచ్చి మైక్రోస్కోపులో కన్నుపెట్టి ఆ మచ్చలు చూశాడు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాయమన్నాడు, ముందు తన సంతకం పెడతానన్నాడు. మార్చి ముప్ఫై ఒకటికి ఇంకా అరవై నాలుగు రోజులు ఉన్నాయని, ఎనిమిది గంటల కొలతలు మూడు సక్రమంగా వస్తే చాలని, వాటితోనే థీసిస్ ఇద్దామని చెప్పాడు. మనిషి ఆ రెండు రోజుల్లో కొంచెం వంగినట్టు కనిపించాడు.

మా మీది నుసి వదలాలి కాబట్టి కుళ్ళాయమ్మ మమ్మల్ని ద్రావకాల్లో ముంచి కడిగింది. కడగడం కష్టం కాదు, ఆరబెట్టడమే గండం. మా కిందున్న సందులో చేరిన నీరు ఆరిపోతూ పోతూ రేకును తనతోపాటు అడుక్కు లాగుతుంది. ఒకసారి అడుగుకు అంటుకున్న రేకు మళ్లీ లేవదు. ఇద్దరినీ లాగింది. నేను ఎలాగో విదిలించుకుని లేచాను. బంగారమ్మ లేవలేదు. కొసన ఉన్న బంగారం బరువే ఆవిడను ముంచిందో, లేక నా అదృష్టమో చెప్పలేను. కుళ్ళాయమ్మ మూడుసార్లు ఊపు కోసం వెతికింది, ఆవిడ పలకలేదు. మైక్రోస్కోపులో చూస్తే అలాగే మెరుస్తూ అడుగున పడుకుని ఉంది. అన్నేళ్లు ఆవిడ పక్కన మండుతూ ఊగాను, ఇప్పుడు పక్కన ఊగేవాళ్లు లేరు. ఏడుద్దామంటే ఏడవడానికి కూడా మనిషి కావాలి కదా.

కొత్త రేకులు చేయించాలంటే ఆరు నెలలు పడుతుంది. కుళ్ళాయమ్మ తెల్లవారే రైలెక్కి బెంగళూరు వెళ్లి, మాతోపాటు అదే బిళ్ల నుంచి కోసిన ఒక చట్రాన్ని వెతికి తెచ్చింది. దాని ఒక రేకు ఎప్పుడో విరిగిపోయి, ఇన్నేళ్లూ అలమారాలో పడి ఉందట. మిగిలిన ఒక్క రేకు బాగానే ఉంది, బంగారం లేదు. దాని ఊపు కూడా నా ఊపే. ఆమె మా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి కాసేపు ఆలోచించింది. ఒకరు మోయాలి, ఒకరు వట్టిగా ఉండాలి. మూత కొత్తదాని మీద పెట్టింది.

అంటే నాకు బంగారం దక్కింది! డిపార్ట్‌మెంటులో ఉన్న చిన్న పూత యంత్రంలోనే వేశారు, బెంగళూరు పూత అంత నున్నగా లేదు, అయినా బంగారం బంగారమే. దాని బరువుకు నా ఊపు ఒక్కసారిగా రెండు వేలు పడిపోయింది. నగ వేసుకుంటే మెడ నొప్పి పుడుతుందని ఎవరూ ముందుగా చెప్పరు. ఆపైన నా కొస మీద ఒక బూజు విత్తనం పెట్టారు. నేను జీవితమంతా కుళ్లి కుళ్లి కోరుకున్న బరువు అది. చెమ్మగాలి వదిలాక గంటలు గడిచాయి. ఏడో గంట దాటాక ఆ విత్తనం నా మీద కదిలింది. నీరు తాగి మెల్లగా ఉబ్బింది, పక్కన చిన్న మొలక పొడిచింది. బరువు రెట్టింపైంది, నా ఊపు మరో నూట పది తగ్గింది. ఎనిమిది గంటల పది నిమిషాలు. బంగారమ్మ ఇన్నాళ్లు ఎందుకు అంతలా మెరిసేదో అప్పుడు తెలిసింది.

కానీ కుళ్ళాయమ్మ నా వైపు చూడలేదు. ముందు తీగలు విప్పి పక్కదానికి బిగించింది. ముందు దాన్ని చదివింది, దాని అంకె రాసింది, ఆ తర్వాతే నా దగ్గరకు వచ్చింది. రెండో కొలతలోనూ అంతే, మూడో కొలతలోనూ అంతే. ప్రతి గంటకూ, అరగంట పోయినా సరే, ముందు వట్టి రేకు, తర్వాతే నేను. నేను వట్టి రేకుగా ఉన్నన్నాళ్లు నన్ను ఎవరూ ముందు అడిగిన పాపాన పోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకైతే నేను ఖాళీ చేసి వచ్చిన ఇంట్లో పుల్లకూరే రుచిగా ఉందని అప్పుడు తెలిసింది. కొత్తదాని మీద కన్ను కుట్టింది. బంగారమ్మ మీద కూడా నాకు అంత మంట పుట్టలేదు.

మూడు కొలతలూ నిలబడ్డాయి. మార్చి ముప్ఫైన థీసిస్ ఇచ్చేశారు. దసరాకు ముందు మౌఖిక పరీక్ష జరిగింది. హాల్లో మా ఇద్దరినీ మైక్రోస్కోపు కింద పెట్టి, పెద్ద తెర మీద చూపించారు. పరీక్షకులు ఇంగ్లీషులో అడిగారు, ఆమె ఇంగ్లీషులో చెప్పింది. గంటల సంఖ్య ఎక్కువేనని ఒకాయన పెదవి విరిచాడు, అయినా అంకెల్లో తప్పు పట్టలేకపోయాడు. డాక్టర్ కుళ్ళాయమ్మ అని ప్రకటించగానే చప్పట్లు కొట్టారు. అందరూ టీ తాగడానికి బయటకు వెళ్లాక పెన్నోబులేసు కుర్చీలు సర్దడానికి వచ్చాడు. వచ్చే నెల ఆయన రిటైరు. తెర ముందు నిలబడి మమ్మల్ని చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లు ఈటి సుట్టూ కసువు ఊడ్సినా గానీ, ఏది ఏం పని చేస్తాదో నాకు తెలీదు పాపా. ఈ రెండిట్లో యాది ముఖ్యం?" అని అడిగాడు.

కుళ్ళాయమ్మ తీగలు చుడుతున్నదల్లా ఆపి తెర దగ్గరకు వచ్చింది. వేలెత్తింది. ఆ వేలు బంగారం మెరుస్తున్న నా మీదుగా జరిగి పక్కదాని మీద ఆగింది.

"ఇదన్నా, ఈ వట్టిది. ఇది ఏమీ మొయ్యదు కాబట్టే పక్కదాని మాట నమ్మినాం. ఇది ల్యాకుంటే నేను ల్యా."

ఆ మాట కోసం నేను అన్నేళ్లూ ఊగాను. నేను ఆ చోటు వదిలి ఆరు నెలలు అయ్యాక వచ్చింది, నా చోట కూర్చున్నదానికి దక్కింది. ఆమె నా గురించే అనుకుని అన్నదేమో, ఆ వట్టిది అంటే ఆమె మనసులో ఉన్నది నేనేనేమో అని చాలాసార్లు నచ్చజెప్పుకున్నాను. వేలు మాత్రం దాని మీదే ఉంది, నేను చూశాను. ఆమెకు మేలు జరిగినందుకు సంతోషం ఉంది, అది అబద్ధం కాదు. కానీ సంతోషం పక్కనే మంట కూడా ఉంది.

ఇప్పుడు మేమిద్దరం ఒకే ప్లాస్టిక్ పెట్టెలో, ల్యాబు అలమారా రెండో అరలో ఉన్నాం. కుళ్ళాయమ్మ విత్తన పరిశోధన కేంద్రంలో చేరింది, అక్కడికి కొత్త రేకులు చేయించుకుందట. పక్కది రోజంతా నా బంగారం వైపే చూస్తూ ఉంటుంది. విత్తనం మోసింది నేను, మొలక నా మీద పొడిచింది, తనకు ఏమీ దక్కలేదని దాని కుమిలిపాటు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాపం, దాని జన్మంతా బెంగళూరు అలమారాలో గడిచింది, కన్నడమూ ఇంగ్లీషూ తప్ప మరో భాష రాదు. హాల్లో ఆ రోజు కుళ్ళాయమ్మ పెన్నోబులేసుతో తెలుగులో ఏమందో దానికి అర్థం కాలేదు. నాకు మూడు భాషలూ వచ్చు. ఒక్క మాట చెబితే దాని కుమిలిపాటు తీరిపోతుంది.

ఇంతవరకూ చెప్పలేదు. చెప్పను కూడా.